రాణివాసపు జాబులు

పందొమ్మిదవ శతాబ్దమున యూరపు దేశములలో గొప్పవారి చేవ్రాళ్లను సేకరించుట యొక వేడుకగా మొదలై వ్యసనముగా ముదిరినది. ఆ కాలపు చేవ్రాళ్ల పుస్తకములను విప్పి చూచినవారికి తఱచుగా నొక వింత కనబడును. పుటనిండ అంగుళము వెడల్పున కత్తిరించిన కాగితపుముక్కలు వరుసగా నతికింపబడి యుండును. ఒక్కొక్క ముక్కమీద నొక్కొక్క పేరు. పేరునకు ముందు వందనవచనములు రెండు మూడు. అంతకు మించి యేమియు నుండదు. తక్కిన యుత్తరమేమైనదని యడుగుదురేని, దానిని పాఱవేసినారు! వ్రాసినయామె యొక రాణి యగుట చాలును. ఆమె యెవరికి వ్రాసెనో, ఏమి కోరెనో, ఏ యాపదలో వ్రాసెనో సేకరించువానికి నక్కఱలేకపోయెను. టెంకాయను పగులగొట్టి, కొబ్బరిని పాఱవేసి, చిప్పను దాచుకొన్నట్లున్నది యీ రసికత.

యూరపు రాజకుటుంబముల స్త్రీలు వ్రాసిన జాబులును, వారి చేవ్రాళ్లును, వారి ఛాయాపటములును ఎట్లు మిగిలినవో, ఎట్లు నశించినవో, ఎవరెవరి చేతులలో పడినవో యీ వ్యాసమున కొంత తెలుప నెంచితిమి. రాణుల ముచ్చట మనకేల యని కొందఱు చదువరులు పెదవి విఱువవచ్చును. కిరీటములమీద మాకును మోజు లేదు. అయినను నూఱుమంది దాసదాసీలు గల యిల్లాలు తాను వ్రాసిన జాబును తాను కాపాడుకొనలేకపోయినదన్న సంగతి చరిత్రలో చిన్నదిగా మాకు తోపలేదు.

రాజుల కాగితములకును, రాణుల కాగితములకును మొదటినుండియు భేదము కలదు. రాజు వ్రాసినది శాసనమో, సంధిపత్రమో యగును. దానికి నకలు తీయుటకు లేఖకులుందురు. దాచుటకు కచేరీ యుండును. రాజ్యాధికారము స్వయముగా వహించిన యేకొందఱో తప్ప, రాణులు వ్రాసినవి తల్లికి, కూతురునకు, చెల్లెలికి, చెలికత్తెకు వ్రాసిన జాబులు. వానికి నకళ్లు లేవు. అవి యొక పెట్టెలో నుండును. పెట్టె గలయామె కన్నుమూసిన దినమున ఆ పెట్టెను తెఱచువాడు కొడుకో, అల్లుడో, వంశగౌరవము కాపాడవలెనను తొందరగల మఱియొక బంధువో యగును. అటుపిమ్మట ఆ జాబులకు మూడే గతులు: అగ్ని, అంగడి, ఇనుపపెట్టె.

వ్రాసిన మాట తన చేయి దాటిన పిదప నేమగునో మొదటనే యెఱిగిన రాకుమార్తె యొకతె కలదు. 1554వ సంవత్సరము మార్చి 17వ తేదిని ఇంగ్లండు దేశపు మేరీ రాణి తన సవతిచెల్లెలు ఎలిజబెత్తును లండను టవరు కోటలో చెఱబెట్ట నాజ్ఞాపించెను. ఎలిజబెత్తునకు అప్పటికి ఇరువదియేండ్లు. సర్ థామస్ వయట్టు చేసిన తిరుగుబాటులో ఆమెకు పాలుకలదని యనుమానము. ఆ కోటలోనే, పదునెనిమిది సంవత్సరములకు ముందు, ఆమె తల్లి ఆన్ బొలీను శిరస్సు నఱకబడెను. కొనిపోవచ్చిన ప్రభువులను వేడుకొని ఎలిజబెత్తు అక్కగారికొక జాబు వ్రాయ సెలవందెను. ఆమె వ్రాయుచుండగా థేమ్సునదిలో పోటు మాఱి, లండను వంతెనక్రింద పడవ సాగుటకు వీలులేకపోయెను. ప్రయాణము మఱునాటికి నిలిచిపోయెను. ఆ జాబు నేటికిని లండనులోని జాతీయ పత్రాగారమున నున్నది. మొదటి పుటలో దస్తూరి కుదురుగానే యుండును. రెండవ పుటలో తొందరయు కొట్టివేతలును కనబడును. వ్రాత ముగిసిన చోటునకును, అడుగున వ్రాసిన కడపటి విన్నపమునకును నడుమ మిగిలిన తెల్లచోటునంతటిని ఆమె యేటవాలు గీతలతో నింపివేసెను. తాను వ్రాయని మాట యొకటి యెవరైన నందు చేర్చి, దానికి తన తల తీయింతురేమో యని ఆమె భయము. జాబునకు ప్రత్యుత్తరము రాలేదు. మఱునాడామె కోటకు పోవలసివచ్చెను. చేవ్రాళ్ల బేరగాండ్రకు ఆ యడుగున నున్న పేరే ముఖ్యము. మాకు మాత్రము ఆ గీతలకంటె విలువైన వ్రాత యా కాగితమున లేదు.

ఆ ఎలిజబెత్తే కాలక్రమమున రాణియై, తన జ్ఞాతియగు స్కాట్లండు రాణి మేరీ స్టువర్టును పందొమ్మిదేండ్లు చెఱలో నుంచి 1587వ సంవత్సరమున వధింపజేసెను. మేరీ చెఱనుండి రహస్యలిపిలో జాబులు పంపుచుండెను. వానిలో 57 జాబులు పారిసు నగరపు జాతీయ గ్రంథాలయమున నుండియు నున్నట్లు తెలియకపోయెను. ఏలయన వానిని పదాఱవ శతాబ్దపు పూర్వార్ధమునకు చెందిన ఇటలీదేశపు కాగితములని పట్టికలో వ్రాసియుంచిరి. గణకయంత్రశాస్త్రజ్ఞుడగు జార్జి లాస్రీయు, సంగీతాధ్యాపకుడగు నార్బర్టు బియర్మనును, భౌతికశాస్త్రము చదివిన సతోషి తోమోకియోయు, ఈ మువ్వురు కలిసి, అవి యెవరివో యెఱుగకయే వానిని విప్పనారంభించిరి. భాష ఇటాలియను కాదు, ఫ్రెంచి యని తేలెను. వ్రాయునది స్త్రీ యని క్రియారూపములు చెప్పెను. కొడుకును గూర్చిన మాటలును, చెఱను గూర్చిన మాటలును వచ్చెను. 1578 మొదలు 1584 వఱకు ఎక్కువగా ఫ్రెంచి రాయబారి కాస్టెల్నోకు వ్రాసిన యా జాబులలో సుమారు 50 వేల మాటలు కలవు. 2023వ సంవత్సరమున ఫలితము ప్రకటింపబడెను. వానిమీద చేవ్రాలు లేదు, తేది లేదు, పేరు లేదు. చేవ్రాళ్ల కొఱకే వెదకువాని కంటబడినచో నతడు ప్రక్కకు త్రోసియుండునవి! వధకు ఆఱుగంటల ముందు, 1587 ఫిబ్రవరి 8వ తేదిని రాత్రి రెండుగంటలవేళ, తన మఱదియగు ఫ్రాన్సు రాజునకు ఆమె వ్రాసిన కడపటి జాబు స్కాట్లండు జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. అందు ఆమె తన సేవకులకు జీతములు చెల్లింపుమని యడిగెను.

కోరిక ముదిరినచోట మోసము పుట్టుట సహజము. 1860వ సంవత్సరప్రాంతమున ఫ్రాన్సుదేశమున మారీ ఆన్త్వానెత్తు రాణి జాబులకు గిరాకి పెరిగెను. విప్లవమున శిరచ్ఛేదము పొందిన యా రాణిని పుణ్యవతిగా కొలుచువారు ధనికులలో ననేకులుండిరి. 1864లో హునోల్‌స్టైను ప్రభువొకవంకను, ఫ్రాన్సు విదేశాంగశాఖలో నున్నత పదవియందున్న ఫ్యుయే ద కోంషు మఱియొకవంకను ఆమె జాబులను గ్రంథములుగా వెలువరించిరి. అందు ఆమె చిన్ననాడు తల్లియగు మరియా తెరీసా చక్రవర్తినికి వ్రాసినవి కూడ నుండెను. ఎంత వినయము, ఎంత ముద్దైన వాక్యరచన! చదివినవారు కన్నీరు కార్చిరి. ఇంతలో వియన్నా పత్రాగారమున పనిచేయు ఆర్నెత్తు పండితుడు ఆ తల్లికూతుండ్ర నిజమైన జాబులను బయటబెట్టెను. పదునాలుగవయేట 1770లో అత్తవారింటికి వచ్చిన యా బాలిక దస్తూరి వంకరటింకరగా, సిరామరకలతో నుండెను, వర్ణక్రమము తప్పులతడక. దొంగజాబులలో నున్నదో, ముప్పదియేండ్ల రాణి దస్తూరి! జర్మను చరిత్రకారుడగు సీబెలు ఈ భేదమును లోకమునకు చాటెను. బాలిక కుదురుగా వ్రాయనేర్వకపోవుటయే సత్యమునకు సాక్ష్యమైనది. మేము బడిలో ప్రతిదినమును పిల్లల వ్రాతపుస్తకములు దిద్దువారము గావున ఈ కథ మాకు మిక్కిలి ప్రియమైనది. సొంతముగా వ్రాసిన పిల్లవాని వ్యాసము నకలు తీసిన వ్యాసమంత చక్కగా నెన్నడు నుండదు.

అదే కాలమున వ్రేన్ లూకా యనువాడు షాలు అను సుప్రసిద్ధ గణితశాస్త్రజ్ఞునకు 27 వేల దొంగపత్రముల నమ్మెను. వానిలో క్లియోపాత్రా రాణి జూలియస్ సీజరునకు వ్రాసిన జాబొకటి కలదు. అది ఫ్రెంచి భాషలో, ఫ్రెంచి కాగితముమీద నుండెను. మహామేధావి యగు షాలు దానిని నమ్మి కొనెను! 1870లో లూకాకు రెండేండ్లు చెఱసాల విధింపబడెను. ఆశకు లెక్కలు రావని యంతకన్న చెప్పవలసినది లేదు.

ఇక ఛాయాపటముల సంగతి. 1854లో దిజ్దేరి యను పారిసు ఛాయాగ్రాహకుడు ఒకే పలకమీద ఎనిమిది చిన్నపటములు తీయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. నాలుగంగుళముల పొడవును, రెండున్నర యంగుళముల వెడల్పును గల యట్టమీద నతికిన యా పటములు పరిచయచీటీలంతటివి; చవుకగా నమ్ముడుపోయెను. 1860లో మేయాలు అను నాతడు విక్టోరియా రాణియొక్కయు, ఆమె కుటుంబముయొక్కయు పటములను అంగడిలో పెట్టెను. అంతవఱకు చిత్రకారుని దయచేత పొగడ్తతో కలిసి ప్రజలకు కనబడుచుండిన రాణి, నాటినుండి నలుగురి యిండ్లలో బల్లమీది సంపుటమున మామూలు ఇల్లాలివలె కూర్చుండెను. 1868లో యువరాణి అలెగ్జాండ్రా తన చిన్నకూతును వీపున మోయుచు డౌనీ సంస్థవారిచే తీయించుకొన్న పటము మూడులక్షల ప్రతులమ్ముడుపోయెనని చెప్పుదురు. బిడ్డను వీపున మోయు రాణిని చూచి ప్రజలంత యబ్బురపడిరన్నమాట! మనదేశపు సామాన్యునకు మాత్రము విక్టోరియా ముఖము కాగితముమీద గాక వెండిమీద వచ్చెను. 1840 మొదలు రూపాయిమీద ఆమె 'రాణి'. 1877 మొదలు 'చక్రవర్తిని.' జాబులలోను అదే మార్పు కలదు. 1876లో బిరుదుల చట్టమైన పిదప ఆమె చేవ్రాలున చక్రవర్తినీత్వమును సూచించు నక్షరమొకటి చేరెను. అంతకు ముందటి తేదిగల జాబున ఆ యక్షరము కనబడినచో కొనువాడు సంచి మూసికొనవలయును. అట్లే, 1861 డిసెంబరులో భర్త పోయిన పిదప ఆమె బ్రతికినంతకాలము నల్లయంచు గల కాగితముమీదనే వ్రాసెను.

పటములు సేకరించినవారిలో రాణులును కలరు. వారిలో ఆస్ట్రియా చక్రవర్తిని ఎలిజబెత్తు కథ విచిత్రమైనది. ఆమె 1862లో వెనీసునుండి తన మఱదికి వ్రాసి, తానొక సౌందర్యసంపుటము కూర్చుచున్నాననియు, స్త్రీల పటములే కావలెననియు కోరెను. పరదేశములలోని ఆస్ట్రియా రాయబారులకును ఈ పని తగిలెను. కాన్‌స్టాంటినోపిలునుండి అంతఃపురస్త్రీల పటములు పంపుడని రాయబారి నడిగిరట! ఆ పెద్దమనిషి యేమి పాట్లు పడెనో యూహించుకొనవచ్చును. ఆమె సంపుటములు 18, సుమారు 2000 పటములతో నేడు జర్మనీలోని కొలోను నగరమున లుడ్విగు ప్రదర్శనశాలయందున్నవి. రాకుమార్తెల సరసనే నటీమణులును కలరు. ఇంతమంది ముఖములను కూర్చిన యీమె తన ముఖమును మాత్రము ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే ఛాయాయంత్రమునకు చూపుట మానుకొనెను. బయటికి వచ్చినపుడు విసనకఱ్ఱయో గొడుగో అడ్డముపెట్టుకొనెడిది. ప్రజలెఱిగిన యామె యందము ముప్పదియేండ్ల వయసున నిలిచిపోయినది. అరువదవయేట, 1898 సెప్టెంబరు 10వ తేదిని, జెనీవాలో లుకేని యను హంతకుడు పొడిచి చంపినపుడు గూడ లోకము మనసులో నామె ఆ యౌవనవతియే.

అయితే ఆమె ముఖమును దాచినట్లే మాటను కూడ దాచెను, కాని నశింపనీయలేదు. తాను రహస్యముగా వ్రాసికొన్న పద్యములను పెట్టెలో పెట్టి, 1890నుండి అరువదేండ్లు గడచిన పిదప స్విట్జర్లండు దేశాధ్యక్షునకు చేర్పవలసినదని యేర్పాటు చేసెను. చక్రవర్తి భార్య తన మాటలను తన వంశమువారికి గాక, రాజులే లేని దేశమునకు నమ్మి యప్పగించుట గమనింపదగినది. ఆ పద్యములలో తన యత్తింటివారిని వెక్కిరించెను, రాజరికమునే శంకించెను. అవి 1984లో ముద్రితములయ్యెను. పెట్టె వియన్నాలోనే యుండి యింటివారి చేత పడియుండినయెడల నేమయ్యెడిదో విక్టోరియా రాణి కాగితముల కథ చెప్పగలదు.

విక్టోరియా పదుమూడవయేట, 1832లో దినచర్య వ్రాయ మొదలుపెట్టి, 1901 జనవరిలో మరణమునకు కొలదిదినముల ముందువఱకు వ్రాసెను. ప్రపంచచరిత్రలో అంత దీర్ఘకాలము, అంత యెడతెగక తన జీవితమును తానే వ్రాసికొన్న పాలకులరుదు. దానిని సవరించు భారమును కడగొట్టు కూతురగు బియాట్రిసునకు ఆమె యప్పగించెను. బియాట్రిసు సుమారు ముప్పదియేండ్లు కూర్చుండి దినచర్యను తన చేతితో 111 పుస్తకములలోనికి ఎత్తివ్రాసెను. ఎత్తివ్రాయుచు తనకు తగదని తోచినదానిని తొలగించెను. ఎత్తివ్రాసిన భాగముల మూలమును నిప్పులో వేసెను. కూతురు దుష్టురాలు కాదు. తల్లియాజ్ఞ నెఱవేర్చుచున్నానని నమ్మినది, ఓర్పు గలది. ముప్పదియేండ్ల యోర్పుతో తల్లి మాటను కాల్చినది! ఈషరు ప్రభువు అంతకుముందే, రాణి వివాహకాలము వఱకు గల భాగమును యంత్రలేఖనము చేయించి యుంచుటచేత, కూతురు వ్రాతను దానితో పోల్చి యేమేమి పోయెనో కొంతవఱకు తెలిసికొనగలుగుచున్నారు. మిగిలిన పుటలన్నియు 2012లో అందఱు చూచునట్లు ప్రకటింపబడినవి.

ఈ సందర్భమున మా యింటి ముచ్చట యొకటి చెప్పుకొందుము. మా చిన్ననాట వచ్చిన యుత్తరములను ఇనుపతీగకు గ్రుచ్చి దూలమునకు వ్రేలగట్టుచుండిరి. మా నాయనమ్మకు ఆమె చెల్లెలు వ్రాసిన కార్డులు ఒక తీగ నిండ నుండెను. నాయనమ్మ పోయిన పదునైదవనాడు పెద్దలు ఇల్లు సర్దుచు, పొలము దస్తావేజులను భోషాణములో పెట్టి తాళమువేసిరి; ఆ తీగను వేన్నీళ్ల పొయ్యిలో నుంచిరి. ఎవరికిని దురుద్దేశము లేదు. మేమును అక్కడనే యుండి చూచితిమి. ఆ కార్డులు చక్కగా మండినవని సంతోషించితిమి. బియాట్రిసును నిందింపబోయినపుడెల్ల మాకా పొయ్యి జ్ఞప్తికి వచ్చును.

కాల్చుట యొక్కటే నాశనము కాదు. 1907లో విక్టోరియా జాబులు మూడు సంపుటములుగా వెలువడెను. సంపాదకులు ఈషరు ప్రభువును, బెన్సనును. ఈ బెన్సను ఈటను పాఠశాలలో నుపాధ్యాయుడుగా నుండినవాడు, మావంటి బడిపంతులే. వారికి మంత్రులకు రాణి వ్రాసినవి, రాజులకు వ్రాసినవి చరిత్రగా తోచినవి. స్త్రీలకు వ్రాసినవి, బిడ్డలను గూర్చి వ్రాసినవి చాలవఱకు ముద్రణయోగ్యములుగా తోపలేదు. తొమ్మండుగురు బిడ్డలను కన్న స్త్రీ జాబులలో ప్రసవముమాట లేకపోవుట చూచి చదువరులెవ్వరును ఆశ్చర్యపడలేదేమో! ఆ మాటలెక్కడ నుండెననగా, పెద్దకూతురు విక్కీకి వ్రాసిన జాబులలో.

విక్కీ 1858లో పదునేడవయేట ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరికును పెండ్లాడి బెర్లినునకు పోయెను. నాటినుండి 1901 వఱకు తల్లియు కూతురును ఒకరికొకరు వేలకొలది జాబులు వ్రాసికొనిరి. గర్భధారణమన్నచో తనకు గల యేవగింపును, భార్య భర్తకు దాసియైపోవుటను గూర్చిన కోపమును విక్టోరియా ఆ జాబులలో దాపఱికము లేక వెళ్లబోసెను. అర్ధప్రపంచమున కధీశ్వరి యనబడినయామె, మన పెరటిలో బావికడ కూతుతో మాటలాడు తల్లివలె మాటలాడెను. 1859 జనవరిలో విక్కీకి మొదటి కాన్పు ప్రాణాంతకమయ్యెను. బిడ్డ యెడమచేయి దెబ్బతిని జీవితాంతము ఎదుగకపోయెను. ఆ బిడ్డయే రెండవ విల్‌హెల్ము కైసరు. తల్లి భావములకును కొడుకు భావములకును చుక్కెదురు. ఫ్రెడరికు 99 దినములు మాత్రమే చక్రవర్తిగా నుండి, 1888 జూను 15వ తేదిని కంఠవ్రణముచేత మృతినొందగా, కొడుకు తండ్రిశవమింకను ఇంట నుండగనే సైనికులచేత మేడను చుట్టుముట్టించి తల్లి కాగితముల కొఱకు వెదకించెను. అవి దొరకలేదు. ముందుగనే వింజరు కోటకు చేరియుండెను.

1901 ఫిబ్రవరిలో ఆమె క్రోన్‌బర్గులోని తన మేడలో రాచపుండుతో తీసికొనుచుండెను. ఆమె తమ్ముడును ఇంగ్లండు రాజును నగు ఏడవ ఎడ్వర్డు చూడవచ్చెను. ఆయన వెంట నామె నోములబిడ్డవంటి ధర్మపుత్రుడు, కార్యదర్శియగు ఫ్రెడరికు పాన్సన్‌బీ వచ్చెను. ఆమె యాతనిని రహస్యముగా పిలిచి, తన జాబులను ఇంగ్లండునకు కొనిపొమ్మనియు, కైసరునకు తెలియరాదనియు చెప్పెను. ఏదో చిన్నమూట కాబోలునని యాత డొప్పుకొనెను. ఆ రాత్రి యొంటిగంటకు నలుగురు మనుష్యులు నల్లని మైనపుగుడ్డ చుట్టి త్రాళ్లుకట్టిన రెండు పెద్దపెట్టెలను మోసికొనివచ్చి యాతని గదిలో దింపిరి! ఇల్లంతయు కైసరు మనుష్యులు. పాన్సన్‌బీ కొంత యాలోచించి, ఒకదానిమీద 'పింగాణి, జాగ్రత్త' యనియు, రెండవదానిమీద 'పుస్తకములు, జాగ్రత్త' యనియు వ్రాసెను. మఱునాటి సామానులతో కలిసి అవి కైసరు కన్నులయెదుటనే యిల్లు వెడలెను. ఆగస్టు 5వ తేదిని ఆమె మరణించెను. ఇల్లు మరల సోదాచేసిరి; ఏమియు లేదు. పాన్సన్‌బీ ఇరువదియేడేండ్లు ఆ పెట్టెలను కాపాడి 1928లో జాబులను ముద్రించెను. అప్పటికి రాజ్యభ్రష్టుడై హాలండులో నున్న కైసరు ముద్రణము నాప యత్నించి, వలనుపడక, జర్మను ముద్రణమునకు తానే పీఠిక వ్రాసి తల్లి మాటలకు తన సమాధానము చెప్పుకొనెను. తల్లి బ్రతికియుండగా వినని మాటలను ముప్పదియేండ్లకు చదివి బదులు వ్రాయవలసివచ్చెను పాపము. తల్లికూతుండ్ర జాబులనుండి యేర్చికూర్చిన సంపుటములు 1964 మొదలు 1990 వఱకు ఆఱు వెలువడినవి. విక్టోరియా యెట్టి స్త్రీయో లోకమునకు తెలిసినది వానివలననే గాని 1907నాటి సంపుటములవలన గాదు.

మనదేశపువాని పేరును ఈ కథలో నొకచోట వచ్చును. 1887లో ఆగ్రానుండి పోయిన అబ్దుల్ కరీము రాణికి హిందుస్తానీ నేర్పి మున్షీ యయ్యెను. ఆమె యాతనికి వ్రాసిన జాబులను, ఆమె పోయిన వెంటనే, ఎడ్వర్డు రాజు ఆజ్ఞచేత ఆతని యింటిముంగిటనే కాల్పించిరి. రాణి హిందుస్తానీ వ్రాతపుస్తకములు మాత్రము మిగిలెను. ఆ లిపి కాల్పింపవచ్చినవారికి చదువరాకపోవుట యొక రక్షయైనది కాబోలు. శ్రాబణీ బాసు 2010లో వ్రాసిన గ్రంథమునకు ఆ పుస్తకములును, అటుపిమ్మట కరాచీలోని బంధువుల కడ దొరికిన మున్షీ దినచర్యయు ఆధారములైనవి.

రాణులు తమ చేతులతో తామే కాల్చుకొన్న సందర్భములును కలవు. విక్టోరియా మనుమరాలును రష్యా చక్రవర్తినియు నగు అలెగ్జాండ్రా, 1917 విప్లవమున పట్టుబడబోవుచు, అమ్మమ్మ వ్రాసిన జాబులను తన దినచర్యలను పొయ్యిలో వేసెను. భర్త జాబులను మాత్రము వేయ మనసొప్పలేదు. యుద్ధకాలమున నామె భర్తకు వ్రాసినవి 1918లో ఎకటెరిన్‌బర్గులో, కుటుంబమంతయు హతమైన పిదప, శత్రువుల చేత జిక్కి 1922లో బెర్లినులో నచ్చయ్యెను. ఆమె చెలికత్తె వీరుబోవా ఫిన్లండునకు తీసికొనిపోయిన ఆఱు ఛాయాపటసంపుటములను 1937లో నొక యమెరికను విద్యార్థి కొనెను. అవి నేడు యేలు విశ్వవిద్యాలయమున నున్నవి. ఆ పటములలో రాకుమార్తెలు నవ్వుచుందురు, పడవ నడుపుచుందురు. ఆ సంపుటములు విడివడక యొకచో నుండుటచేతనే ఏ దినమున నెవరెక్కడ నుండిరో తెలియుచున్నది. బేరగాడు పుటలు చించి యొక్కొక్క పటమును వేఱువేఱుగ నమ్మియుండినచో లాభమెక్కువ వచ్చియుండును; మనకు ముఖములు మాత్రమే మిగిలియుండును. నేటి వేలములలో నీ చీల్చుట నిత్యము జరుగుచున్నది. జాబునకు కవరు, పటమునకు దాని వెనుక వ్రాత, సంపుటమునకు దాని వరుస ప్రాణమని యెఱుగనివాడు ఎంత ధనము పోసి కొన్నను కత్తెరగాని సంతతివాడే.

కడపట మరల మారీ ఆన్త్వానెత్తు కడకు వత్తము. స్వీడను దేశపు ఫెర్సెను ప్రభువు ఆమెకాప్తుడు. 1791 జూను 20వ తేది రాత్రి రాజకుటుంబము పారిసునుండి పలాయనము చేయగా బండి తోలినవాడాతడే. పలాయనము విఫలమైన పిదప, 1792 ఆగస్టు వఱకు, ఇద్దఱును రహస్యముగా జాబులు జరుపుకొనిరి. ఆమె 1793 అక్టోబరు 16వ తేదిని వధింపబడెను. ఆతనిని 1810లో, అదే జూను 20వ తేదిని, స్టాక్‌హోము వీథులలో మూక కొట్టిచంపెను. జాబులు ఆతని వంశమున నిలిచెను. సోదరి మనుమసంతతివాడగు క్లింకోస్ట్రోము 1877లో వానిని ముద్రించినపుడు అనేకస్థలములలో మాటలకు బదులు చుక్కలు పెట్టెను. ఏలయన జాబులలో నా పంక్తులు దట్టమైన సిరాతో సుడులుసుడులుగా కొట్టివేయబడియుండెను. నూఱేండ్లకు పైగా లోకము ఆ నేరమును క్లింకోస్ట్రోము మీదనే మోపెను. వంశగౌరవము కొఱకు ముదుసలి యిట్లు చేసియుండునని యందఱును తలచిరి. పైని మేము చెప్పిన కథలు చదివినవారెవరైన నట్లే తలంతురు.

1982లో ఫ్రెంచి జాతీయ పత్రాగారమువారు ఆ జాబులను కొనిరి. పండితులు కొట్టివేతలు గల పదునైదు జాబులను ఎక్సు కిరణములతో పరీక్షించి 2021లో ఫలితములను ప్రకటించిరి. సిరాలో రాగి, ఇనుము, తుత్తునాగము ఒక్కొక్క సీసాలో నొక్కొక్క పాళ్లలో నుండును. క్రింది సిరాకును మీది సిరాకును పాళ్లు భేదించినచోట, క్రిందిమాట కిరణములకు పైకి తేలెను. ఎనిమిది జాబులలో నట్లు తేలినవి రాజకీయరహస్యములు కావు. ప్రేమతో పలికిన సంబోధనములు. ఆ కొట్టివేసిన సిరా యెవరిదో కూడ తేలినది. ఫెర్సెను తన జాబులు వ్రాసికొన్న సిరాయే యది. క్లింకోస్ట్రోము నిరపరాధి. తన ప్రియురాలి మాటలను తానే కొట్టివేసినవాడు, కాల్చుటకు మాత్రము చేతులురాక, ఆ కాగితములను దాచుకొనెను.

మిగిలిన యేడు జాబులలో పై సిరాయు క్రింది సిరాయు మిక్కిలి సమీపమైన పాళ్లు గలవి యగుటచేత కిరణములకు మాటలు విడివడలేదు. అవి పారిసులో, ఆ నల్లని సుడులక్రిందనే యున్నవి.